మూడో చెయ్యి

ఇంకో గంటలో చిన్నకోడలు పై వాటా నుంచి మెట్లు దిగి వస్తుంది. అయిదింటికి వస్తానంది. అయిదంటే అయిదే, అన్నిట్లోనూ అంత కచ్చితం ఆ పిల్లకి, ఒక్క లూపు తియ్యడంలో తప్ప. పెద్దకోడలు ఈ మాట మనసులోనే అనుకుని, ఎవరో విన్నట్టు తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. పక్కగదిలో అత్తగారు కునుకు తీస్తున్నారు, సన్నగా గురక వినిపిస్తోంది, ఫ్యాను తిరుగుతోంది, వీధిలో ఎవరో స్టార్టవని స్కూటర్ని పదే పదే తంతున్నారు. ఆమె మొద్దు సూదిలోకి ఇటుక రంగు ఊలు ఎక్కించి స్వెటర్ని ఒళ్ళోకి లాక్కుంది. ఎడమ చెయ్యి నిన్ననే అతికించేసింది. ఇక కుడి చెయ్యి భుజానికి పట్టించి, ఊలు కొసలు లోపలికి దాచేస్తే పని అయిపోతుంది. రేపు పొద్దున్న చిన్నకోడలి అల్లికల పుస్తకం ముఖచిత్రానికి దీన్ని ఫొటో తీస్తారు. లోపలి పేజీలు మాత్రం ఈ సాయంత్రమే ప్రెస్సుకి వెళ్ళాలి, ఆరింటికల్లా. బల్ల మీద పరీక్ష కాగితం ఉంది. నమూనా చూసి, అందులో రాసినది రాసినట్టు అల్లి చూసినవాళ్ళు నింపాల్సిన కాగితం. కొలతలు సరిపోయాయా, ఊలు ఎంత పట్టింది, తప్పులేమైనా కనిపించాయా. ఆ చివరి గడిలో ఆమె పెన్సిల్‌తో "లేవు" అని రాసి రెండు రోజులైంది. ఆ ఒక్క మాట అబద్ధమని ఈ ఇంట్లో తెలిసింది ఆమెకి ఒక్కదానికే.

ఇటు అంచున ఒక లూపు, అటు అంచున ఒక లూపు. సూది దూరి వస్తుంది, ఊలు మెల్లగా లాగితే రెండు అంచులూ దగ్గరికి జరిగి, మధ్యలో ఏ అతుకూ లేనట్టు కలిసిపోతాయి. మంచి కుట్టంటే కనిపించని కుట్టే. కనిపించకుండా పోవడంలో తనంత పనిమంతురాలు ఇంకొకరు లేరు కదా అనుకుంది పెద్దకోడలు, నవ్వొచ్చింది, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పుస్తకం నకలు చూపించారు మొన్న. అట్ట మీద చిన్నకోడలి పేరు, దాని కింద ఈ స్వెటర్ తొడుక్కుని సూదులు పట్టుకున్న చిన్నకోడలి ఫొటోకి చోటు, లోపల మొదటి పేజీలో చిన్నకోడలు రాసిన ముందుమాట, వెనక అట్ట మీద చిన్నకోడలి నవ్వు. తనెక్కడుందా అని వెతుక్కుంటే ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ప్రూఫులు దిద్దినవారికీ కాగితం సరఫరా చేసినవారికీ మధ్యన ఇరుక్కుని ఉంది. కృతజ్ఞతలు, ముగింపు పని చేసినందుకు. ఏడేళ్ళుగా ఆ పిల్ల అల్లిన ప్రతి శాలువాకీ ప్రతి స్వెటర్‌కీ అతుకులు వేసింది, బొత్తాలు కుట్టింది, తడిపి పరుపు మీద పరిచి గుండుసూదులు గుచ్చి వంకరలు తీసింది ఎవరు? అవన్నీ కలిపి ఒక్క ముక్కలో ముగింపు పని. ముగించడమంటే ఏదో పెళ్ళయ్యాక కుర్చీలు సర్దడం అనుకుంటారు కాబోలు.

అసూయే. దానికి వేరే పేరు పెట్టుకుని మభ్యపెట్టుకునే వయసు ఎప్పుడో దాటింది. మొదట్లో న్యాయం అనేది, తర్వాత అలసట అనేది, ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి గుండెల్లో మంటగా ఉందని కూడా చెప్పింది, ఆయన పాపం మాత్రలు రాసిచ్చాడు. పైన అడుగుల చప్పుడు మొదలైంది. చిన్నకోడలు ఏదైనా ఆలోచించేటప్పుడు గదిలో ఇటు ఆరడుగులు, అటు ఆరడుగులు నడుస్తుంది. కింద కూర్చున్న పెద్దకోడలికి ఆ నడకంతా నెత్తి మీద వినిపిస్తుంది. ఇప్పుడు కొత్త నమూనా గురించి ఆలోచిస్తోంది, ఇప్పుడు ఆగింది, ఇప్పుడు ఏదో తట్టింది, బల్ల దగ్గరికి గబగబా వెళ్ళింది. ఒకళ్ళ బుర్రలోకి ఏదో కొత్తది వస్తున్న చప్పుడు వింటూ కింద కూర్చుని, దానికి బొత్తాలు ఏ రంగువి కొనాలో అనుకోవడం ఎలా ఉంటుందో ఎవరికి చెబితే అర్థమవుతుంది? భర్తకి చెబితే, మీరిద్దరూ ఒకటే కదా, ఎవరికి పేరొస్తే ఏమిటి అంటాడు. అంత మంచివాడు. ఆయన ఆఫీసు బల్ల మీద అద్దం కింద పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఉంది. మరదలి బొమ్మ. వచ్చినవాళ్ళందరికీ మా తమ్ముడి భార్య అని చూపిస్తాడట. ఆ బొమ్మలో ఆ పిల్ల వేసుకున్న కోటుకి అరవై నాలుగు కొసలు దాచింది ఈయన భార్య. ఆ సంగతి అద్దం కింద పట్టదు.

కుట్టు కాస్త బిగిసింది. ఊలు సూది కొనతో వదులు చేసింది. పధ్నాలుగేళ్ళ కిందట ఇదే గదిలో, కొత్తగా కాపురానికొచ్చిన చిన్నకోడలు చేతిలో సూదులు పెట్టి, వెనక నిలబడి, ఆ పిల్ల మణికట్లు రెండూ పట్టుకుని, ఇలా దూర్చు, ఇలా చుట్టు, ఇలా లాగు అని నేర్పింది తనే. అప్పుడు ఆ పిల్లకి ఊలు ఉండ ఎటు నుంచి విప్పాలో కూడా తెలియదు. మొదట అల్లిన పట్టీ ఒక చివర నాలుగంగుళాలు, ఇంకో చివర ఏడు. ఇద్దరూ నేల మీద కూర్చుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అప్పుడు నిజంగా ఇష్టంగానే ఉండేది. చెల్లెలు లేని లోటు తీరిందని పక్కింటావిడతో కూడా అంది. ఆ రోజుల్ని ఎవరైనా తిరిగి తెచ్చిస్తానంటే తీసుకుంటుందా అంటే, తీసుకుంటుంది, కానీ సూదులు మాత్రం ఆ పిల్ల చేతిలో పెట్టదు. వంట నేర్పుతుంది. ఈత నేర్పుతుంది, తనకి రాకపోయినా సరే.

మరి ఆమెకి నేర్పిందెవరంటే, బళ్ళో ఎదురు బల్ల మీద కూర్చునే స్నేహితురాలు. టీచరమ్మ చూడకుండా బల్ల కింద అల్లేది ఆ అమ్మాయి. ఎదురుగా కూర్చుని, ఆ చేతుల్ని చూసి చూసి నేర్చుకుంది. ఎదురుగా ఉన్నదాన్ని చూసి నేర్చుకుంటే ఆ పక్కది ఈ పక్కకి వస్తుందని పదకొండేళ్ళ పిల్లకి ఏం తెలుసు? లూపుకి రెండు కాళ్ళుంటాయి. సూది ముందు నుంచి దూరితే ఆ రెండు కాళ్ళూ విడివిడిగా నిలబడతాయి. వెనక నుంచి దూరితే ఒకదాని మీద ఒకటి మెలిపడతాయి. ఆమె వెనక నుంచి దూర్చేది. తన అల్లిక మొత్తం అలాగే సాగింది, ఇరవై ఏళ్ళ పైచిలుకు, అదే చిన్నకోడలి మణికట్లలోకి కూడా పంపించింది. ఆ సంగతి ఆరేళ్ళ కిందట గానీ తెలియలేదు.

ఆరేళ్ళ కిందట, బట్టల షాపువాళ్ళు చిన్నకోడలి శాలువాని మొదటిసారి అద్దాల వెనక నిలువెత్తు బొమ్మకి చుట్టి, దీపాలు వేసి పెట్టిన నెలలోనే, పెద్దకోడలు ఎవరికీ చెప్పకుండా అల్లిక తరగతిలో చేరింది. కూరగాయలకి వెళ్తున్నానని చెప్పి వెళ్ళేది. తిరిగి వచ్చేటప్పుడు నిజంగానే రెండు వంకాయలు కొనుక్కొచ్చేది. నేర్పేది రిటైరైన డ్రిల్లు టీచరు, మగవాడిలా నవ్వే పెద్దావిడ. మొదటి రోజు ఈమె అల్లిన ముక్కని దీపం కింద పెట్టి చూసి, "ఎన్నేళ్ళుగా అల్లుతున్నావమ్మా?" అని అడిగింది. చెప్పాక, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "లూపులన్నీ మెలిపడ్డాయి. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నావా? అల్లిక పక్కన కూర్చుని నేర్చుకోవాలి" అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. తర్వాత మూడు నెలల్లో చేతి వాటం మార్చుకుంది. అలవాటైన చేతిని మళ్ళీ కొత్తగా నడిపించడం ఎంత నరకమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మార్చుకున్న రోజున ఇంటికొస్తూ, చిన్నకోడలికి చెప్పాలి అనుకుంది. మెట్ల దగ్గర ఆ పిల్ల ఎదురైంది కూడా, చేతిలో షాపువాళ్ళ ఉత్తరం, ఇంకో అయిదు శాలువాలు కావాలట అక్కా, అని. రేపు చెబుదాంలే అనుకుంది.

రేపు చెబుదాంలే. ఆ రేపు ఆరేళ్ళు లాగింది. అబద్ధమెందుకు, మొదటి వారంలోనే తెలుసు, చెప్పబోవడం లేదని. ఆ పిల్ల తప్పుగా అల్లుతుంటే తను సరిగ్గా అల్లుతోంది, ఏదో ఒకనాడు ఎవరో పని తెలిసినవాళ్ళు ఇద్దరి అల్లికా పక్కపక్కన పెట్టి చూస్తారు, అప్పుడు అందరూ ముక్కున వేలేసుకుంటారు. ఆ ఆశ మీదే బతికింది. ఆ పిల్లకి పేరు వచ్చిన ప్రతిసారీ, పోనీలే పాపం తప్పుగా అల్లుతోంది అనుకుని హాయిగా నిద్రపోయేది. పత్రికవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళకి టీలు అందిస్తూ, లోపల్లోపల, మీకేం తెలుసు అనుకునేది. ఆ పిల్లేమో ప్రతిసారీ "నాదేం లేదండీ, అంతా మా అక్క నేర్పిందే" అనేది. అది వినగానే వాళ్ళు ఈమె వైపు తిరిగి, ట్రే అందుకుంటూ, మర్యాదగా నవ్వేవాళ్ళు. పుండు మీద కారం చల్లినా అంత మండదు. పోనీ ఆ పిల్ల గర్విష్ఠి అయినా బాగుండేది, నోరారా తిట్టుకోవచ్చు. అదీ లేదు. అత్తగారికి చలేస్తే ముందుగా పరిగెత్తి కప్పేది ఆ పిల్లే. అత్తగారికి ఇద్దరూ చెరొక స్వెటరు అల్లిచ్చారు. ఆవిడ చిన్నకోడలిది గుమ్మం దాటేటప్పుడు వేసుకుంటారు, పెద్దకోడలిది ఇంట్లో. పెద్దది అల్లింది మెత్తగా ఉంటుందమ్మా, పడుకోవడానికి బాగుంటుంది, అన్నారొకసారి, మెచ్చుకోలుగానే. ఇప్పుడు పక్కగదిలో గురక పెడుతున్నది దాంట్లోనే.

స్కూటరు స్టార్టయింది, వెళ్ళిపోయింది. గడియారం నాలుగున్నర దాటింది. సగం చెయ్యి అతికింది, భుజం మలుపు దగ్గరికొచ్చింది, ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఒక పక్క ఎక్కువ లూపులు, ఒక పక్క తక్కువ, మధ్యలో ఎక్కడో ఒకటి మింగెయ్యాలి. తడి ఊలు వాసన ఇంకా వస్తోంది. ఈ చెయ్యి పొద్దున్నే ఆరింది. ఇది రెండోసారి అల్లిన కుడి చెయ్యి. మొదటిసారి అల్లిన కుడి చెయ్యి బీరువాలో, పాత దుప్పట్ల కింద ఉంది. చిన్నకోడలు ఇన్నాళ్ళూ తన చేత్తో మొత్తం అల్లి, అమ్మకానికే ఇచ్చింది. ఇదే మొదటి పుస్తకం, అందరూ చూసి అల్లుకునేందుకు. మూడేళ్ళు కూర్చుని ఇరవై రెండు నమూనాలు రాసింది. ముఖచిత్రానికని ఈ స్వెటర్. ఒళ్ళూ, ఎటు అతికించినా సరిపోయే రెండు చేతుల్లో ఒకటీ అల్లాక మణికట్టు వాచింది. అక్కా, రెండో చెయ్యి మీరు అల్లండి, నమూనా చూసి అల్లితే పరీక్షా అయిపోతుంది, పనీ అయిపోతుంది, అంది. ఒక బట్టలో ఇద్దరి అల్లికా పడడం పధ్నాలుగేళ్ళలో అదే మొదటిసారి. అబ్బ, ఎంత సరదాగా ఒప్పుకుంది. పక్కపక్కన పెట్టి చూసే రోజు ఇన్నాళ్ళకి వచ్చింది కదా అని. ఒక్క లూపు మెలిపడకుండా, డ్రిల్లు టీచరు చూసినా వంక పెట్టలేనట్టు అల్లింది. తొమ్మిది రోజుల కిందట రెండు చేతుల్నీ తడిపి, పిండి, పరుపు మీద పక్కపక్కన పరిచి, గుండుసూదులు గుచ్చి, తెల్లారి లేచి చూసింది.

చూసి, టేపు తెచ్చి కొలిచింది. తన చెయ్యి సాగిపోయి ఉంది. అంగుళంన్నర పొడుగు, వెడల్పు కూడా ఎక్కువే, మెత్తగా, వాలిపోయి, పాత బనీను చెయ్యిలా. పక్కన చిన్నకోడలిది బిగువుగా, గీసినట్టు నిలువు గీతలతో, ఒక్కొక్క లూపూ విడిగా మెరుస్తూ నిలబడి ఉంది. అందరూ మెచ్చుకునేది ఇదే. ఆ పిల్ల చేతిలో ఏదో ఉందండీ, ఈ బిగువు ఇంకెవరికీ రాదండీ, అనేవాళ్ళు. ఆ ఏదో ఏమిటో ఇప్పుడు తెలిసింది. మెలి. తను బల్ల కింద చూసి నేర్చుకున్న తప్పు, తను మూడు నెలలు ఏడ్చి వదిలించుకున్న తప్పు, తను ఆ పిల్లకి చెప్పకుండా దాచిపెట్టిన తప్పు. అది పట్టుకుని ఆ పిల్ల పైకొచ్చింది. తప్పు అందంగా ఉంది. సరైనది చప్పగా ఉంది. తన దగ్గరున్న ఒకే ఒక్క వజ్రాన్ని గాజుముక్క అనుకుని పారేసుకుంది. ఆ పిల్ల దాన్ని ఏరుకుందని కాదు, అసలు ఆ పిల్లకి అది తన దగ్గరుందని కూడా తెలియదు. చెప్పి ఉంటే? ఆరేళ్ళ కిందట మెట్ల దగ్గర చెప్పి ఉంటే ఆ పిల్ల కూడా మార్చుకునేది. ఇద్దరూ కలిసి చప్పగా, సరిగ్గా, ఇంట్లో పడుకునే స్వెటర్లు అల్లుకుంటూ ఉండేవాళ్ళు. కుళ్ళుకుని నోరు మూసుకుని, చేజేతులా తనే ఆ పిల్లని అద్దాల వెనక దీపాల కింద కూర్చోబెట్టింది. దీనికి నవ్వాలో ఏడవాలో ఆ పొద్దున్న తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు.

ఆ తర్వాత తట్టింది పుస్తకం సంగతి. కాగితం మీద అన్నీ ఉన్నాయి, ఎన్ని లూపులు, ఏ సూది, ఎన్ని వరసలు, ఎక్కడ తగ్గించాలి. సూది లూపులోకి ఎటు నుంచి దూరాలో మాత్రం ఇరవై రెండు నమూనాల్లోనూ ఎక్కడా లేదు. ఎవరు రాస్తారు? అన్నం ఏ చేత్తో తినాలో ఎవరైనా రాస్తారా? ఆ పిల్ల దృష్టిలో అల్లడమంటే అదే. పుస్తకం కొన్న ప్రతి ఇంట్లోనూ జనం సరిగ్గా అల్లుతారు, ప్రతి ఇంట్లోనూ చేతులు వేళ్ళ మీదకి జారతాయి, భుజాలు కిందకి దిగుతాయి. ఉత్తరాలొస్తాయి. తను ఎలా అల్లుతోందో తనకే తెలియని మనిషి పుస్తకం రాసిందట అంటారు. నవ్వులపాలవుతుంది. షాపువాళ్ళు తప్పుకుంటారు, ఇంకో పుస్తకం ఎవరూ వెయ్యరు. పైన ఆరడుగుల నడక ఆగిపోతుంది. ఒక్క మాట మీద అంతా ఆధారపడి ఉంది, ఆ మాట పెన్సిల్‌తో రాసి బల్ల మీద ఉంది. ఆ ఊహ తియ్యగా ఉంది. ఆ తియ్యదనాన్ని నిన్నంతా చప్పరించింది, మొన్నంతా చప్పరించింది. మూడోరోజుకి నోరు చేదెక్కింది. రేపు ఎవరైనా అడుగుతారు, ఇలా అల్లడం మీకెవరు నేర్పారండీ అని. మా అక్క నేర్పిందే, అంటుంది ఆ పిల్ల. అప్పుడు మాత్రం ఎవరూ మర్యాదకి నవ్వరు.

అయినా ఆ భయం వల్ల కాదు నిద్ర పట్టనిది. ఈ రెండో కుడి చెయ్యి అల్లినప్పుడు జరిగినదాని వల్ల. ముఖచిత్రానికి రెండు చేతులూ ఒకేలా ఉండాలి కాబట్టి, పాత పద్ధతిలో మళ్ళీ అల్లక తప్పలేదు. వేళ్ళు మరిచిపోయి ఉంటాయనుకుంది. పది లూపులు తడబడ్డాయి, పదకొండోది దానంతటదే వెనక నుంచి దూరింది. అంతే, ఇక ఆగలేదు. ఆరు రోజులు అల్లింది, తిండి ధ్యాస లేదు. ఆరేళ్ళుగా సరిగ్గా అల్లుతూ ఒక్కనాడు కూడా అంత సుఖపడలేదు. మాస్టారు పక్కన లేనప్పుడు పిల్లలు ఆడుకున్నట్టు ఆడుకున్నాయి వేళ్ళు. అల్లి, తడిపి, ఆరబెట్టి చూస్తే నిలువు గీతలు, బిగువు, మెరుపు, అన్నీ వచ్చాయి. ఇంకా చెప్పాలంటే ఎడమ చెయ్యి కంటే ఒక పాలు ఎక్కువే వచ్చాయి. ఈ పొద్దున్న పెద్దకోడలు అసూయ పడింది తన మీద తనే, ఈ చేతుల్ని వదిలేసిన ఆరేళ్ళ కిందటి తన మీద.

చివరి లూపు. కొస దాచి, కత్తిరించింది. రెండు చేతులూ వేలాడేసి చూసింది. నాలుగూ యాభై అయిదు. రబ్బరు తీసి "లేవు" మీద పెట్టింది, అంతలో పైన అడుగులు తలుపు దాకా వచ్చాయి, ఆమె రబ్బరు తీసి పక్కన పెట్టేసింది. ఆ పిల్లకి నిజం చెప్పడమంటే ఇంకొకటి కూడా చేతిలో పెట్టడమే కదా. ఇప్పటిదాకా తెలియక అల్లింది, రేపటి నుంచి తెలిసి అల్లుతుంది. ఉన్న పేరు చాలక, కనిపెట్టిందన్న పేరు కూడా. చెప్పులు మెట్ల మీద టపటపలాడాయి.

చిన్నకోడలు జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, వాచిన మణికట్టుకి పట్టీతో వచ్చింది. వస్తూనే స్వెటర్ని తల మీదుగా తొడుక్కుని బీరువా అద్దం ముందు నిలబడి చేతులు చాచింది. అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తర్వాత కుడి చేతిని మణికట్టు నుంచి భుజం దాకా నిమిరి, "చేతిపని దాగదక్కా. నేను అల్లింది ఇది కదూ" అంది. అని, ఎడమ చేతిని కూడా నిమిరి, కాస్త ఆగి, నొప్పించకూడదన్నట్టు మెల్లిగా, "మీది కూడా బాగా వచ్చింది. బిగువు ఒక్క పిసరు తక్కువ, అంతే. ఫొటోలో ఎవరికీ తెలియదులెండి" అంది.

పెద్దకోడలికి చెవులు వేడెక్కాయి. ఇలాంటి మాటకి ఏడేళ్ళుగా ఊఁ అని తలూపడమే అలవాటు. ఇవాళ తల ఊగలేదు.

"ఎడమది నీది" అంది. "కుడిది నేను అల్లాను."

చిన్నకోడలు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. పెద్దకోడలు లేచి, బీరువా తెరిచి, దుప్పట్ల కింద నుంచి మూడో చెయ్యి తీసి బల్ల మీద పరిచింది. టేపు పక్కన పెట్టింది. ఇదీ నీ నమూనా చూసే అల్లాను, అంది. ఆ పిల్ల స్వెటర్ విప్పి దాని పక్కన పరిచి, ఒకసారి కొలిచింది, మళ్ళీ కొలిచింది, ఆ వాలిపోయిన చేతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎదురుగా పెట్టి లూపుల కాళ్ళు చూసింది. పని తెలిసిన పిల్ల. విడమరిచి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"నేను అల్లేది తప్పా అక్కా?"

"తప్పే. నేను నేర్పిందే."

"అంటే పుస్తకం చూసి అల్లినవాళ్ళందరికీ ఇలాగే..."

"ఇలాగే వస్తుంది."

చిన్నకోడలు కుర్చీలో కూర్చుని తన చేతుల వంక చూసుకుంది. మరి మీరు ఇలా సరిగ్గా అల్లడం ఎప్పట్నుంచి, అని అడిగింది. ఆరేళ్ళయిందని చెప్పింది పెద్దకోడలు. ఆ పిల్ల తల ఎత్తింది. పక్కగదిలో గురక ఆగి మళ్ళీ మొదలైంది.

"నాకెందుకు చెప్పలేదు?"

ఈ ప్రశ్నకి పెద్దకోడలు దగ్గర ఆరేళ్ళుగా జవాబులు పోగుపడి ఉన్నాయి. నీకు అలవాటు తప్పుతుందని, నీ పనికి అడ్డు పడకూడదని, మరిచిపోయానని. అన్నీ తిన్నగా మడిచి పెట్టుకుంది. వాటిని అక్కడే వదిలేసింది.

"చెబితే నన్ను దాటిపోతావని" అంది.

చిన్నకోడలు ఆమె వంక చూసింది. కోపం లేదు, వెటకారం లేదు, ఇందాక టేపు మీద అంకె చదివినట్టే అంది. "చెప్పకపోయినా దాటాను కదక్కా."

అది సూటిగా వెళ్ళి తగలాల్సిన చోట తగిలింది. నొప్పి ఉంది. కానీ ఇన్నాళ్ళూ లోపల ఒక్కతే మోసిన మాటని ఇంకొకళ్ళు పైకి అనేస్తే ఇంత తేలికగా ఉంటుందని ఆమెకి తెలియదు. చిన్నకోడలు జుట్టు ముడిలోంచి పెన్సిలు లాగి, దాని వెనకున్న రబ్బరుతో "లేవు" చెరిపేసి, పెన్సిలూ కాగితమూ ఆమె వైపు జరిపింది. మీరే రాయండి, ఎలా చెప్పాలో మీకే తెలుసు, అంది. ఆమె రాసింది. "ఈ పుస్తకంలో ప్రతి లూపులోకీ సూదిని వెనక నుంచి దూర్చాలి." ఒక్క ముక్క. ఇరవై రెండు నమూనాలూ ఇప్పుడు దాని మీద నిలబడ్డాయి. దాని కింద తన పేరు ఉంటే బాగుండునని వెంటనే అనిపించింది. అనిపించినందుకు సిగ్గు కూడా వెయ్యలేదు.

చిన్నకోడలు కాగితాలు సంచిలో పెట్టుకుంది. అయిదూ పది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఆ మూడో చెయ్యి ఇంకా బల్ల మీదే పడి ఉంది.

"అక్కా, ఆ సరైన పద్ధతి నాకూ నేర్పుతారా? ప్రెస్సు పక్క వీధిలోనే కదా, ఇంకా అరగంట ఉంది."

అది కూడా ఇచ్చేస్తే ఇక నాకేం మిగులుతుంది అనుకుంది పెద్దకోడలు. రెండూ వచ్చిన మనిషిని ఇక ఎవరు ఆపుతారు? రేపు చెబుతాలే అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది, ఆరేళ్ళు వాడిన మాట, అరిగిపోయి నున్నగా ఉంది. నోరు తెరిచింది కూడా. ఆ పిల్ల అప్పటికే సంచి కింద పెట్టి, బల్లకి అవతలి పక్క కుర్చీ లాక్కుని, ఎదురుగా కూర్చోబోతోంది.

"అక్కడ కాదు" అంది పెద్దకోడలు. ఊలు ఉండలు ఒడిలోకి తీసుకుని బల్ల మీద కొంచెం చోటు చేసింది. "ఎదురుగా కూర్చోకు. ఇటు, నా పక్కన కూర్చో."